వాల్తేరు తీరమున చిన్న జెల్లీచేపల లెక్క

జహీరాబాద్‌లో రేడియో చెంత కూర్చున్న వారికి సముద్రము కడు దూరము. అయినను ఆ పొలములపై కురిసిన వాన మంజీరలో చేరి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి, తుదకు బంగాళాఖాతమునకే పోవును. నదులు తెచ్చు మంచినీటిని బట్టి తీరమున ఉప్పదనము ఋతువు ఋతువునకు మారును. ఆ మార్పుతో కొన్ని చిన్న ప్రాణులు వచ్చుచు పోవుచుండును. వానిలో హైడ్రోమెడూసాలను చిన్న జెల్లీచేపలను గూర్చి నేడు ముచ్చటింతము.

పేరునకు చేపయే గాని వీనికి ఎముక లేదు, పొలుసు లేదు. పెక్కింటి గొడుగు కందిగింజంత, కొన్నింటిది ఆవగింజంత. గాజువలె నుండుటచే నీటిలో కానరావు. చచ్చినచో ఆనవాలు మిగులదు. ఫలానా యేట ఫలానా తీరమున ఈ జాతి యుండెనని చెప్పుటకు, చూచినవాడు వ్రాసిపెట్టిన కాగితమే మనకు సాక్ష్యము.

మన సముద్రములలో ఈ వ్రాత ఆలస్యముగనే మొదలయ్యెను. 1902లో సింహళమున హెర్డ్‌మన్ సేకరించిన వానిని బ్రౌన్ 1905లో వర్ణించెను. మద్రాసు తీరపు జాతులపై మీనన్ రచన 1932లో వెలువడెను. తెలుగు తీరమున ఆ పనికి పూనుకొన్నవారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రజ్ఞులు పి. ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం. విశాఖపట్టణపు తీరమున ఈ ప్రాణులు ఏ ఋతువున ఎట్లు కానవచ్చునో తెలుపు వారి వ్యాసము 1958లో, పరిషత్తు వారి సముద్రశాస్త్ర సంపుటములలో రెండవ దానియందు అచ్చయ్యెను.

ఇట్టి పని చెప్పినంత సులువు కాదు. సన్నని పట్టువలను పడవ వెనుక లాగి, పడినదానిని ఫార్మలినులో నిలువజేసి, సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కదానిని వేరుచేయవలెను. గొడుగులో కాలువలెన్ని, అంచున స్పర్శకాలెన్ని, బీజకోశములు నడిమి నోటిగొట్టమును అంటియున్నవా, కాలువల వెంబడి యున్నవా యని చూడవలెను. లేతదానికి స్పర్శకాలు తక్కువ, పెరిగినకొలది మొలచును. తొందరపడినవాడు ఒకే జాతి పిల్లను, పెద్దను రెండు జాతులుగ లెక్కించును. ఇంకొక చిక్కు గలదు. వీనిలో పెక్కు బ్రతుకులో కొంతకాలము రాళ్లకును, రేవు స్తంభములకును, ఓడల అడుగునకును అంటుకొని చిన్న మొక్కవలె గడపును. ఆ మొక్కకు మొగ్గతొడిగి, విడివడి ఈదునదే జెల్లీచేప. మొక్కను చూచినవారొక పేరును, ఈదుదానిని చూచినవారొక పేరును పెట్టుటచే ఒకే ప్రాణి రెండు పేర్లతో గ్రంథములకెక్కిన సందర్భములు కలవు. డెన్మార్కు పండితుడు క్రాంప్ 1961లో ప్రపంచపు మెడూసాలనన్నిటిని ఒక్క గ్రంథమున కూర్చినపిదప గాని పోల్చిచూచుటకు వీలు చిక్కలేదనవచ్చును.

అటుపిమ్మట 1965లో ముగిసిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర యాత్రలో పట్టిన ప్రాణులు కొచ్చిన్ కేంద్రమునకు చేరెను. అచ్చట వానిని పర్యవేక్షించిన బ్రెజిలు శాస్త్రజ్ఞురాలు మార్తా వన్నుచ్చి స్వయముగ హైడ్రోమెడూసాల నిపుణురాలగుట మన అదృష్టము.

ఓడల అడుగున అంటుకొని క్రొత్త జాతులు రేవులకు చేరునని నేడు ఎల్లరకు తెలిసినదే. ఒక జాతి మన తీరమున పాతకాపా, క్రొత్తగ దిగినదా యని తేల్చుటకు 1958 నాటి వ్యాసమును విప్పవలసినదే. కాని విశాఖ రేవు తెరచినది 1933లో. అంతకు ముందటి సంగతికై మీనన్ గ్రంథమును చూతమన్న, అది మద్రాసు తీరమునకు సంబంధించినది. అచ్చటను అప్పటికే ఓడరేవు కలదు.