రహీము సాహేబు సాధనక్రమము

సికింద్రాబాదు నుండి మల్కాజిగిరి మీదుగా బొల్లారమునకు పోవు రైలుమార్గమున అమ్ముగూడ, కావలరీ బ్యారక్సు, అల్వాలు అను స్టేషనులు వరుసగా వచ్చును. నడిమి స్టేషను పేరే ఈ ప్రాంతపు చరిత్రను చెప్పుచున్నది. 1806లో సికింద్రాబాదు ఏర్పడినది మొదలు తిరుమలగిరి, అల్వాలు, బొల్లారము పరిసరములు దండు విడిసిన తావులు. దండుతో బాటు కవాతు మైదానములు వచ్చినవి. మైదానములతో బాటు ఫుట్‌బాలు వచ్చినది. సిపాయిల ఆటను గట్టున నిలిచి చూచిన బస్తీ పిల్లలు ఆ ఆటను తమదిగా చేసికొనిరి.

అట్టి పిల్లలలో ఒకరు 1936లో అమ్ముగూడలో జన్మించిన తులసీదాసు బలరాము. ఇరువది సంవత్సరముల వయస్సునకే వీరు మెల్బోర్ను ఒలింపిక్సుకు వెళ్ళిన భారత జట్టులో నుండిరి. అల్వాలుకు రెండు స్టేషనుల దూరమున నున్న ఒక చిన్న పల్లె నుండి ప్రపంచపు మైదానమునకు దారి ఎట్లు పడినది? పుట్టుకతో వచ్చిన నేర్పు వలన అని చెప్పి ఊరకుండుట సులభము. కాని అదే కాలమున ఈ జంటనగరముల నుండి అజీజుద్దీను, నూర్ మహమ్మదు, అబ్దుల్ సలాము, పీటర్ తంగరాజు, జుల్ఫికరుద్దీను మున్నగు వారు కూడ జాతీయ జట్టునకు ఎక్కిరి. ఇందరికి ఒక్కసారే దైవము వరమిచ్చెనని నమ్ముట కష్టము. కారణమును మనము వేరొక చోట, అనగా సాధన జరిగిన విధమున, వెదకవలెను.

ఆ సాధనకు సూత్రధారి సయ్యదు అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదులో జన్మించిన వీరు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిరి. అక్కడి జట్టులో ఆడిరి. పిదప పాఠశాలలలో ఉపాధ్యాయులైరి. 1943 నుండి మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షణ నిచ్చుట మొదలిడిరి. బడిపంతులు చేతికి జట్టు వచ్చినందున బడిలోని పద్ధతియే మైదానమునకు వచ్చినదని మా అభిప్రాయము. లెక్కలు రాని బాలునికి మంచి పంతులు రోజంతయు లెక్కల పుస్తకమును అప్పగించడు. వానికి ఎక్కడ తప్పు పడుచున్నదో కనిపెట్టి, ఆ ఒక్క దానినే పదిమార్లు చేయించును.

ఆనాటి మన ఆటగాండ్రలో పెద్ద దోషము బంతిని విడువలేకపోవుట. ఒకనిని దాటి, ఇద్దరిని దాటి, మూడవవానికి బంతిని అప్పగించుట గొప్పగా నుండెడిది. చూచువారు కూడ దానికే చప్పట్లు కొట్టెడివారు. రహీము సాహేబు దీనిని ఉపన్యాసములతో మాన్పింప జూడలేదు. బంతిని కాలితో నడిపించుకొని పోరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలు పెట్టించిరి. అందిన బంతిని వెంటనే తోటివానికి పంపక తప్పదు. పంపినవాడు మరల ఖాళీచోటునకు పరుగెత్తక తప్పదు. అట్లే కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటము గలవారు కుడికాలితోను మాత్రమే ఆడవలెనను పోటీలు కూడ జరిపించిరి. పొట్టి పిల్లలకు వేరుగా పోటీలు పెట్టి, పెద్దవారి బలము ముందు చిన్నవారి నేర్పు అణగిపోకుండ కాపాడిరి. చెప్పుటకంటె, చేయక తప్పని పరిస్థితిని కల్పించుట మేలని వారి సిద్ధాంతము కాబోలు.

ఈ ఉపాయమునకు ఒక చక్కని పోలిక బాస్కెట్ బాలు పుట్టుకలో కలదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్సు నైస్మితు అను ఉపాధ్యాయుడు ఆ ఆటను కల్పించినపుడు, బంతిని పట్టుకొని పరుగెత్తరాదనియు, పట్టిన చోటి నుండియే విసరవలెననియు నియమము పెట్టెను. ఆ ఒక్క నిషేధముచే ఆట అంతయు తోటివానిని చూచి బంతి నందించుటపై ఆధారపడినది. దూరదేశముల నున్న ఈ ఇరువురు ఉపాధ్యాయులు, ఒకరు కొత్త ఆటను కల్పించుటకు, మరియొకరు పాత ఆటను సంస్కరించుటకు, ఒకే సాధనమును వాడుట గమనింపదగినది.

ఫలితములు త్వరలోనే కనిపించినవి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలోని రోవర్సు కప్పు హైదరాబాదు పోలీసు జట్టుదే. 1950లో ఢిల్లీలోని డ్యూరాండు కప్పును కూడ ఆ జట్టు గెలిచెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో, రహీము సాహేబు శిక్షణలో, భారత జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణపతకము పొందెను.

అయినను విజయమునకు వెనువెంటనే కఠినమైన పాఠము వచ్చినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1తో ఓడినది. ఆ చలిలో మనవారు పలువురు వట్టికాళ్ళతో ఆడిరి. స్వదేశపు పోటీలలో 90 నిమిషములకంటె తక్కువ కాలము ఆడుటకు అలవాటు పడిన దేహములు తుదివరకు నిలువలేకపోయినవి. ఆ పిదప బూట్లు తప్పనిసరి యైనవి. అక్కడ స్వర్ణము గెలిచిన హంగేరీ జట్టు నడిమి ముందువానిని వెనుకకు దింపి ఆడించు విధానమును రహీము సాహేబు మన జట్టునకు అలవరచిరి. పరాజయమును నెపములతో కప్పిపుచ్చక, దాని నుండి రేపటి సాధనకు పట్టిక వేసికొనుట వారి గొప్పతనము.

బలరాము ఈ దశలోనే వారి కంటబడిరి. శిక్షణకు నగరమునకు రమ్మనగా, అంత దూరము వచ్చిపోవుటకు ఖర్చు పెట్టుకొను స్తోమత ఆ యువకునికి లేదు. ఆ ఖర్చునకు రహీము సాహేబే తోడ్పడిరి. సాధనక్రమము అనగా కసరత్తుల పట్టిక మాత్రమే కాదు. బీదవాని బిడ్డ మైదానమునకు చేరు దారిని కూడ ఆలోచించుట అందులో భాగము. 1956లో మెల్బోర్నున మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానము పొందెను. 1960లో రోములో ఓడినను, హంగేరీపై మన ఒక్క గోలును చేసినవారు బలరామే.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీము సాహేబును కేన్సరు వ్యాధి పట్టియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియాతో 2-0గా ఓటమి. రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైలుసింగు తలకు గాయమైనది. శిక్షకుడు ఆయనను ముందుపంక్తికి మార్చిరి. సెప్టెంబరు 4వ తేదీన, మన జట్టుపై ఆగ్రహించి కేకలు వేయుచున్న వేలకొలది ప్రేక్షకుల నడుమ, అదే కొరియాను 2-1తో ఓడించి మనవారు స్వర్ణము గెలిచిరి. ఒక గోలు ప్రదీపుకుమారు బెనర్జీది. మరియొకటి ఆ జర్నైలుసింగుదే. వెనుక ఆడువానికి ముందు ఆడు పని అప్పగింపగలుగుట, ఎవ్వరినీ ఒక్క పనికే కట్టివేయని సాధనకు ఫలము.

1963 జూనులో రహీము సాహేబు దివంగతులైరి. అదే సంవత్సరమున బలరాము కూడ అనారోగ్యముచే, చిన్న వయస్సుననే, ఆట విరమించిరి. 1970లో బాంకాకున హైదరాబాదీయుడైన సయ్యదు నయీముద్దీను నాయకత్వమున మనకు కాంస్యపతకము దక్కెను. ఆ పిదప ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు పతకము లేదు. బలరాము 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసిరి. 2024లో రహీము సాహేబు కథ హిందీలో చలనచిత్రముగా వచ్చి, మరచినవారికి ఆ పేరును జ్ఞప్తికి తెచ్చినది.

పిల్లలు మారిరని, వారిలో పూర్వపు చేవ లేదని అనుట మేము ఒప్పుకొనము. ఒక మనిషితో బాటు ఆ సాధనక్రమము కూడ పోయినది. దానిని వ్రాసి పెట్టుకొని, బడి నుండి బడికి అందించు ఏర్పాటు మనము చేసికొనలేదు. నష్టము అక్కడ జరిగినది. అయితే ఆ విద్యలో రహస్యమేమియు లేదు. వ్యయము కూడ లేదు. అల్వాలులో గాని, మరెక్కడ గాని, ఏ పాఠశాల వ్యాయామోపాధ్యాయుడైనను వారమునకు ఒక సాయంకాలము బంతిని నడిపించరాదని నియమము పెట్టి ఆట ఆడింపవచ్చును; మరియొక సాయంకాలము వాటము లేని కాలితో ఆడింపవచ్చును. బాస్కెట్ బాలు ఆడు పిల్లలను బంతిని నేలపై తట్టకుండ, కేవలము అందించుకొనుచు ఆడుమనవచ్చును. మొదటి వారము పిల్లలు నవ్వుదురు. రెండవ వారము విసుగుకొందురు. మూడవ వారమునకు తల ఎత్తి తోటివాడు ఎక్కడ నున్నాడో చూచుట మొదలిడుదురు. జట్టు అనునది ఆ చూపుతో ప్రారంభమగును.