సింగిల్ యాక్షన్ రివాల్వరు: ఒక లోపము, నూరేండ్ల చరిత్ర

1876 వ సంవత్సరము జనవరి మాసములో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, విచిటా అను పట్టణములో ఒక చిన్న సంఘటన జరిగినది. ఆ ఊరి పోలీసు ఉద్యోగి వ్యాట్ అర్ప్ ఒక మద్యశాల వెనుక గదిలో కూర్చుండి, కుర్చీలో వెనుకకు వాలెను. నడుమున ఉన్న ఆరు గుండ్ల రివాల్వరు ఒరనుండి జారి పడెను. పడుటలో దాని సుత్తి కుర్చీకి తగిలెను. తక్షణమే రివాల్వరు ప్రేలెను. గుండు ఆయన కోటులోనుండి దూసుకొనిపోయి, గోడకు తగిలి, పైకప్పు గుండ వెలుపలికి పోయెను. అదృష్టవశమున ఎవరికిని గాయము కాలేదు. ఊరి పత్రిక ఈ వార్తను ప్రకటించెను.

తుపాకి ధరించుట వృత్తిగా గల వానికే ఇట్లు జరిగినపుడు ఇతరుల మాట చెప్పనక్కరలేదు. అయితే ఇందు తప్పు ఎవరిది? అజాగ్రత్తగా కూర్చున్న మనిషిదా? యంత్రముదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము ఆచరణలోనికి వచ్చుటకు దాదాపు నూరు సంవత్సరములు పట్టెను.

ఒక యంత్రమును నమ్మవచ్చునా అని అడిగినపుడు నిజమునకు రెండు ప్రశ్నలు అడుగుచున్నాము. పని చేయవలసినపుడు చేయునా? ఇది మొదటిది. చేయకూడనపుడు ఊరకుండునా? ఇది రెండవది. మొదటి ప్రశ్నకు సింగిల్ యాక్షన్ రివాల్వరు చాల కాలము క్రిందటనే మంచి సమాధానము చెప్పినది. రెండవ ప్రశ్నకు మాత్రము అది చాలకాలము తప్పు సమాధానమే చెప్పుచు వచ్చినది.

రివాల్వరు నిర్మాణము

శామ్యూల్ కోల్ట్ 1836 లో అమెరికాలో తన రివాల్వరుకు పేటెంటు పొందెను. రివాల్వరు అనగా తిరుగునది. గుండ్రని ఉక్కు దిమ్మలో గదులు తొలిచి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క తూటా నింపుదురు. ఈ దిమ్మను సిలిండరు అందురు. బొటనవ్రేలితో సుత్తిని వెనుకకు లాగినపుడు ఒక కొక్కెము సిలిండరును ఒక గది మేర త్రిప్పును. క్రిందినుండి ఒక చిన్న గడియ లేచి, సిలిండరు మీది గాడిలో పడి, దానిని కదలకుండ పట్టుకొనును. అప్పుడు గదియు గొట్టమును ఒకే వరుసలో నిలుచును. మీటను నొక్కగనే సుత్తి ముందునకు పడి తూటాను ప్రేల్చును. ఇందు మీట చేయు పని ఒక్కటే, సుత్తిని విడుచుట. కావుననే దీనికి సింగిల్ యాక్షన్ అని పేరు వచ్చినది. మీటయే సుత్తిని లేపి, తానే విడుచు రకమును డబుల్ యాక్షన్ అందురు.

1873 లో కోల్ట్ కంపెనీ వారి సింగిల్ యాక్షన్ ఆర్మీ అను నమూనాను అమెరికా సైన్యము స్వీకరించెను. ఇత్తడి తూటాలో నల్లమందు నింపి వాడు రోజులవి. 1940 ప్రాంతమున తయారీ ఆగిపోవునాటికి ఈ నమూనా రివాల్వర్లు మూడున్నర లక్షలకు పైగా తయారైనవి. ఇందు భాగములు తక్కువ, ఉన్నవి బలమైనవి. ఒక తూటా ప్రేలకపోయినచో సుత్తిని మరల లాగిన చాలును, తరువాతి తూటా ఎదుటికి వచ్చును. దుమ్ములోను, వానలోను ఇది పని చేసెను.

దీని బలహీనత కమానులలో ఉండెను. సుత్తిని తోయునది, కొక్కెమును నెట్టునది, గడియను లేపునది, అన్నియు పలుచని రేకు కమానులే. ఒక ఇనుప తీగను ఒకే చోట పదే పదే వంచినచో కొంతసేపటికి అది పుటుక్కున తెగుట విద్యార్థులు ఎరిగినదే. లోహము అలసట చెందుట అందుమేని, అది ఇదియే. రేకు కమాను వంగినపుడెల్ల ఒత్తిడి ఒక చిన్న భాగమునందే కేంద్రీకరించును. వేలసార్లు వంగిన పిమ్మట అది అచ్చటనే విరుగును.

మాగ్నమ్ తూటా రాక

1884 లో ఫ్రాన్సు దేశస్థుడు పాల్ వియేల్ పొగలేని మందును కనుగొనెను. నల్లమందు కంటె దీనికి శక్తి మిక్కిలి ఎక్కువ. 1935 లో స్మిత్ అండ్ వెస్సన్, వించెస్టర్ సంస్థలు కలిసి .357 మాగ్నమ్ అను తూటాను విడుదల చేసినవి. మాగ్నమ్ అను లాటిను మాటకు పెద్దది అని అర్థము. 1955 చివర .44 మాగ్నమ్ వెలువడెను. వేటగాడును రచయితయు అయిన ఎల్మర్ కీత్ ఇట్టి బలమైన తూటా కావలెనని ఏండ్ల తరబడి కోరుచు వచ్చిన వ్యక్తి. ఈ రెండు తూటాలును తమకు పూర్వమున్న తూటాల కంటె ఇంచుమించు అంగుళములో ఎనిమిదవ వంతు పొడవైనవి. ఇట్లు పెంచుటకు ముఖ్య కారణము, పాత రివాల్వరు గదులలో ఈ బలమైన తూటాలు పట్టకుండుటయే. బలహీనమైన తుపాకిలో బలమైన మందు ప్రేలకుండ కొలతయే కాపలా కాయుచున్నది. ఈ చిన్న యుక్తిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

పాత .45 కోల్ట్ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనము చదరపు అంగుళమునకు 14,000 పౌన్లు. .44 మాగ్నమునకు 36,000 పౌన్లు. ఇది వాతావరణ పీడనమునకు సుమారు 2,400 రెట్లు.

ఇంత శక్తిని సింగిల్ యాక్షన్ చట్రములో ఇమిడ్చిన వారిలో ముఖ్యుడు విలియం రూగర్. ఈయన 1949 లో అలెగ్జాండర్ స్టర్మ్ తో కలిసి కనెక్టికట్ రాష్ట్రమున కంపెనీ స్థాపించెను. సినిమాలలోను, టెలివిజనులోను పశువుల కాపరుల కథలు ఆదరణ పొందుచున్న రోజులవి. 1955 లో .357 మాగ్నమునకు తగిన బ్లాక్‌హాక్ అను రివాల్వరును, మరుసటి సంవత్సరము .44 మాగ్నమునకు తగిన దానిని ఈ కంపెనీ విడుదల చేసెను. ఆకారము పాతదే. కాని విరుగు రేకు కమానులకు బదులు ఉక్కు తీగను చుట్టిన స్ప్రింగులు అమర్చబడెను. చుట్టల స్ప్రింగులో ఒత్తిడి తీగ పొడవంతటను సర్దుకొనును. కావున అలసట వలన విరుగుట అరుదు.

పెద్ద శక్తి తెచ్చిన చిక్కులు

అయినను మాగ్నమ్ శక్తి కొన్ని కొత్త చిక్కులను తెచ్చినది. వీటిలో పెక్కింటిని ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రముతోనే అర్థము చేసికొనవచ్చును.

.44 మాగ్నమ్ గుండు బరువు 15.5 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 430 మీటర్లు అనుకొందము. న్యూటను మూడవ సూత్రము ప్రకారము అంతే ద్రవ్యవేగము రివాల్వరునకు వెనుక దిశలో లభించును. రివాల్వరు బరువు 1.3 కిలోగ్రాములైనచో, దాని వెనుకడుగు వేగము సెకనుకు సుమారు 5 మీటర్లగును. అనగా సైకిలు పరుగంత వేగము రెప్పపాటులో అంత బరువునకు వచ్చుచున్నది. మందు వాయువుల వంతు కలిపినచో ఇది ఇంకను హెచ్చును.

ఈ కుదుపు వలన మరమేకులు సడలును. అంతకంటె వింతయైన చిక్కు ఒకటి కలదు. గొడ్డలి తల వదులైనపుడు వడ్రంగి కామను నేలకు కొట్టును. కామ ఆగిపోవును, తల జడత్వము వలన క్రిందికి దిగి బిగియును. రివాల్వరులోను ఇట్టిదే జరుగును. ఒక గది ప్రేలినపుడు మిగిలిన గదులలోని ఇత్తడి తొడుగులు రివాల్వరుతో పాటు వెనుకకు పోవును. వాటిలోని సీసపు గుండ్లు మాత్రము ఉన్నచోటనే ఉండ యత్నించును. తొడుగు అంచు గుండును గట్టిగా పట్టియుండనిచో, గుండు కొంచెము కొంచెముగా ముందునకు జరిగి సిలిండరు వెలుపలికి పొడుచుకొని వచ్చి, చట్రమునకు అడ్డుపడును. అంతట సిలిండరు తిరుగదు. దీనికి మందు రివాల్వరులో లేదు, తూటాలోనే ఉన్నది. గుండు చుట్టును ఒక గాడి చేసి, తొడుగు అంచును అందులోనికి నొక్కి బిగింపవలెను.

సిలిండరు తిరుగవలెనన్న దానికిని గొట్టమునకును నడుమ కొంత సందు తప్పదు. సాధారణముగా ఇది మిల్లీమీటరులో పదవ వంతు మొదలు ఐదవ వంతు వరకు ఉండును. ఈ సందునుండి మండుచున్న వాయువులు ప్రక్కలకు చిమ్మును. పైనున్న చట్రపు ఉక్కును అవి సన్నని గీతగా కోయును. ఈ కోత కొంత లోతు వరకు పోయి, పిమ్మట ఇంచుమించు ఆగిపోవును. సందు మసితోను, సీసముతోను నిండినచో సిలిండరు బిగుసుకొనును. పొట్టి తూటాలను ఎక్కువగా కాల్చిన గదిలో మసి ఒక ఉంగరమువలె పేరుకొని, పొడవైన మాగ్నమ్ తూటాను దూరనీయదు. శుభ్రము చేయుటయే దీనికి విరుగుడు.

ఇవన్నియు మొదటి ప్రశ్నకు చెందిన చిక్కులు. ఇట్టివి వచ్చినపుడు యంత్రము ఆగిపోవును, అంతే. రెండవ ప్రశ్నకు చెందిన చిక్కు వచ్చినపుడు మనిషి పడిపోవును.

ఐదు గుండ్ల ఆచారము

పాత కోల్ట్ నమూనాలో సుత్తికే సూది ఉండును. సుత్తి పూర్తిగా దిగియున్నపుడు ఆ సూది మొన తూటా అడుగున ఉన్న ప్రైమరు అను చిన్న మూతను తాకుచుండును. సుత్తి వీపుపై దెబ్బ పడినచో అది నేరుగా ప్రైమరునకు అందును. దీనిని నివారించుటకు సుత్తిపై ఒక చిన్న గంటు చేసి, మీట కొన అందులో దిగి సుత్తిని కొద్దిగా వెనుకకు ఆపునట్లు ఏర్పాటు చేసిరి. కాని ఆ కొన పలుచనిది. కిలోగ్రాముకు మించిన ఇనుము నడుమెత్తునుండి పడి సుత్తిమీద మోపినచో ఆ కొన గాని, గంటు గాని విరుగవచ్చును.

కావున అనుభవజ్ఞులు ఒక ఆచారము పెట్టుకొనిరి. ఆరు గదులున్నను ఐదింటినే నింపి, ఖాళీ గదిపై సుత్తిని దింపి ఉంచుట. ఆచారము మంచిదే. అయితే తెలియని వాని మాట ఏమి? తెలిసియు మరచిన వాని మాట ఏమి? 1955 నాటి బ్లాక్‌హాక్‌లో సూది సుత్తినుండి చట్రములోనికి మారినది. అయినను దిగియున్న సుత్తి ఆ సూదిని నొక్కియే ఉండుటచేత పాత ప్రమాదము అట్లే మిగిలెను. తూటా మాత్రము మాగ్నమ్ తూటా అయ్యెను.

పరిష్కారము

వింత ఏమనగా, పరిష్కారము ఏనాడో దొరికియుండెను. మసాచుసెట్స్ రాష్ట్రములోని ఐవర్ జాన్సన్ కంపెనీ 1890 ల దశకములోనే తన చవుక జేబు రివాల్వర్లలో దానిని వాడెను. ప్రేలనున్న రివాల్వరు సుత్తిని మరియొక సుత్తితో కొట్టుచున్న బొమ్మ వారి ప్రకటనలలో ప్రసిద్ధమైనది. సూత్రము మిక్కిలి సులభము. సూది చట్రములో ఉండును. సుత్తి ముఖము మెట్టువలె చెక్కియుండుటచేత, దిగియున్నపుడు అది చట్రమునే తాకును గాని సూదిని తాకజాలదు. మీట నొక్కినపుడు మాత్రము ఒక చిన్న ఉక్కు పట్టీ పైకి లేచి సుత్తికిని సూదికిని నడుమ నిలిచి, దెబ్బను అందించును. వ్రేలు తీయగనే పట్టీ క్రిందికి దిగును. వంతెన తొలగినపుడు సుత్తిని ఎంత కొట్టినను దెబ్బ సూదిని చేరదు.

1973 లో రూగర్ కంపెనీ ఇట్టి పట్టీతో కొత్త నమూనా సింగిల్ యాక్షన్ రివాల్వర్లను విడుదల చేసెను. ఆరు గదులు నింపినను భయము లేకపోయెను. తూటాలు నింపు ద్వారము తెరచినపుడు సుత్తిని లేపుటకు వీలులేని ఏర్పాటు కూడ ఇందు కలదు. అప్పటికే లక్షలాది పాత రివాల్వర్లు ప్రజల చేతులలో ఉండెను. వాటిలో ఒకటి చేజారి ప్రేలి యజమాని కాలికి గాయమైన వ్యాజ్యములో, అలాస్కా రాష్ట్ర సుప్రీం కోర్టు 1979 లో తీర్పు చెప్పెను. జ్యూరీ నిర్ణయించిన మొత్తము మితిమీరినదని భావించినను, లోపము తెలిసియు లక్ష్యపెట్టని తయారీదారుపై దండన రూపమైన పరిహారము విధింపవచ్చునని ఆ కోర్టు నిర్ణయించెను. 1982 లో కంపెనీ పాత రివాల్వర్లలో రక్షణ భాగములను ఉచితముగా అమర్చు పథకమును ప్రకటించెను.

విచిటా మద్యశాలలో జారిపడిన రివాల్వరుకును, 1973 నాటి ఉక్కు పట్టీకిని నడుమ 97 సంవత్సరములు గడచినవి. ఆ కాలమంతయు జాగ్రత్త అను భారము మనిషిపైననే ఉంచబడెను. మనిషి అలసిపోవును, మరచిపోవును, తొందరపడును. ఈ సంగతి తెలిసి నిర్మించిన యంత్రమే నిజముగా నమ్మదగినది. మన ఇండ్లలోని మూడు కాళ్ళ విద్యుత్ ప్లగ్గును పరిశీలించినచో, భూమికి కలుపు కాలు తక్కిన రెండింటికంటె పొడవుగా ఉండును. విద్యుత్తు రాకముందే రక్షణ కలియవలెననియు, ఆ సంగతి వాడువాడు జ్ఞాపకముంచుకొన నక్కరలేదనియు దాని భావము. మాగ్నమ్ తూటాను అంగుళములో ఎనిమిదవ వంతు పొడిగించినవారి యుక్తియు, చిన్న ఉక్కు పట్టీ యుక్తియు ఇదియే.