సేవతో తీర్చిన ఋణము: చిత్తూరు సీమలో వైద్య విద్యార్థుల పోషణ

బంగారుపాళ్యం సంఘాలలో బిడ్డను నర్సింగు చదివించదలచిన తల్లిదండ్రులు చిత్తూరు దాటి వేలూరు వైపు చూడడం ఈనాటి అలవాటు కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1853లో ఆరంభమైన అమెరికన్ ఆర్కాటు మిషను తమిళ, తెలుగు సంఘాలు రెంటిలోను పరిచర్య చేసింది. కనుక పేద విద్యార్థిని చదువుకు ఆధారము ఎవరు, ఆ ఋణమును ఆమె ఎట్లు తీర్చింది అనే ప్రశ్నకు జవాబును మేము వేలూరు నుండే ఆరంభిస్తున్నాము.

స్త్రీల వైద్య విద్యకు ఉపకార వేతనాలు మిషనరీల సొత్తు మాత్రమే కాదు. 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి కూడా వాటినిచ్చింది. అయితే వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల శిక్షణను, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించిన తరువాత మరొక పద్ధతికి చోటు కలిగింది. 1922లో మొదటి తరగతి నుండి 14 మంది పట్టా పొందారు. 1942లో ఎం.బి.బి.ఎస్. స్థాయికి ఎదుగుటకు కావలసిన ధనము ఒక్క మిషను వలన కాలేదు, అనేక సంఘాలు చేతులు కలిపాయి. ఆ సంఘాలు తమ అభ్యర్థులను సిఫారసు చేసి పంపుట, పట్టా పొందినవారు సంఘము చూపిన ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేయుట స్పాన్సర్‌షిప్ పద్ధతిగా స్థిరపడింది. ఇదియు అప్పే. దానిని కాలముతో తీర్చేవారు. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1915లో తెరచిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము వంటి సంస్థలకు సిబ్బంది ఎంత అవసరమో ఎరిగినవారు ఈ అప్పు విలువను తేలికగా తీసుకోరు.

కాని సిఫారసు సీటు చూపుతుంది, భోజనము పెట్టదు. ఇక్కడే మన సంఘాల బిడ్డలకు చిక్కు వస్తుంది. షెడ్యూల్డు కులాలవారికి పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలు 1944 నుండి ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను ఆ జాబితాకు బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని మనలను చేర్చలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులు బి.సి.-సి వర్గములో ఉన్నారు. 1977లో రాష్ట్ర ప్రభుత్వము కొన్ని ఆర్థిక రాయితీలను వారికి వర్తింపజేసినా అవి షెడ్యూల్డు కుల హోదాకు సాటి కావు. ఒకే అమ్మాయికి వేలూరు సీటు కొరకు సంఘ సభ్యత్వ పత్రము కావాలి. అదే పత్రము మరొక ఆఫీసులో ఆమెకు ఆ హోదా లేదని సాక్ష్యమిస్తుంది. సంతకము చేసేది కాపరి.

2001లో బ్యాంకుల సంఘము విద్యా ఋణాల నమూనా పథకమును తెచ్చింది. అప్పట్లో 4 లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు లేకుండ ఋణము దొరికేది. 2009 నుండి, కుటుంబ ఆదాయము 4.5 లక్షలకు మించనివారికి చదువుకాలపు వడ్డీని కేంద్రము భరించే ఏర్పాటు వచ్చింది. మేలే. పొలము లేని కుటుంబానికి వడ్డీ వ్యాపారి గుమ్మము తప్పింది. అయితే వాయిదాలు చదువు ముగిసిన ఏడాదికే, లేదా అంతకుముందే, మొదలవుతాయి. సంఘమునకు ఆమె బాకీ రెండేళ్లు. అనగా మిషను ఆసుపత్రి జీతముతో పనిచేస్తున్న కాలములోనే బ్యాంకు తలుపు తడుతుంది. అట్టి అమ్మాయి గల్ఫ్‌కో ఇంగ్లాండుకో వెళ్లిపోతే ఆమె భక్తిని శంకించుట న్యాయము కాదని మా అభిప్రాయము. లూకా 10వ అధ్యాయములోని సమరయుడు గాయపడినవానిని పూటకూళ్లవాని కప్పగించి ఊరకుండలేదు, రెండు దేనారములిచ్చి, పైన అయ్యే ఖర్చు కూడ తన లెక్కలో వేసుకున్నాడు.

కనుక స్పాన్సర్‌షిప్ ఉత్తరము వ్రాసే కమిటీ, ఆ రెండేళ్ల వాయిదాలు ఏ కానుకల నుండి కట్టబడునో అదే సమావేశములో తీర్మానించి మినిట్స్ పుస్తకములో వ్రాయించవలెను. వ్రాయించలేని యెడల, రెండేళ్ల సేవ నిబంధనపై ఆ అమ్మాయి చేత సంతకము చేయించక ముందే ఆ సంగతి ఆమె తండ్రికి చెప్పవలెను.