నేల క్రింది గుమ్మటం, కోనసీమ నీరు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఇల్లు కట్టదలచినవారు ముందుగా మట్టి తోలించి స్థలాన్ని మెరక చేస్తారు. కొద్ది అడుగులు త్రవ్వగానే నీరు ఊరే ఆ నేలలో, గుమ్మటపు కప్పుతో భూగర్భంలో కాంక్రీటు ఇల్లు నిలుస్తుందా? గోదావరి ప్రాంతపు పాత కట్టడాలను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానం దొరుకుతుంది.

ఏలూరు జిల్లాలోని గుంటుపల్లిలో క్రీస్తుకు పూర్వమే బౌద్ధులు కొండను తొలిచి ఒక గుండ్రని చైత్యగృహాన్ని ఏర్పరచినారు. లోపల స్తూపం, పైన గుమ్మటపు కప్పు ఉన్నవి. ఆ కప్పులో వాసాలవంటి రాతిపట్టెలను చెక్కినారు. అనగా కర్రతో, గడ్డితో వేసిన చుట్టిల్లు రూపాన్నే శిల్పులు రాతిలో అనుకరించినారు. అయితే అది తొలిచిన గుమ్మటమేగాని కట్టిన గుమ్మటం కాదు. రోము నగరంలో 2వ శతాబ్దిలో కట్టిన పాంథియాన్ ఆలయపు కాంక్రీటు గుమ్మటం, సుమారు 43 మీటర్ల వ్యాసంతో, లోపల ఇనుపచువ్వలు లేకుండానే నేటికీ నిలిచి ఉన్నది.

రాయి, ఇటుక, కాంక్రీటు నొక్కుడుకు బాగా ఓర్చుకొంటాయి, లాగుడుకు ఓర్వలేవు. చదునైన కప్పుపై బరువు పడితే దాని అడుగుభాగం సాగబోయి పగులుతుంది. కమానులో ఆ బరువు ఒక రాతినుండి ప్రక్కరాతికి నొక్కుడుగా సాగి చివరలను చేరుతుంది. కమానును చుట్టూ త్రిప్పినట్లు ఊహిస్తే గుమ్మటం ఏర్పడుతుంది. దాని అంచు వెలుపలికి జరగబోతుంది గనుక అక్కడ గట్టి ఆధారం అవసరం.

కోనసీమలో ఈ సూత్రానికి మంచి నిదర్శనం గన్నవరం అక్విడక్టు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినా, వైనతేయ గోదావరికి ఆవల ఉన్న రాజోలు ప్రాంతానికి కాలువనీరు చేరాలంటే ఆ పాయను దాటవలసి వచ్చినది. ఆ దశాబ్దంలోనే ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం హేగ్ అనే ఇంజనీరు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానులు కట్టి వాటిమీదుగా కాలువను నడిపించినాడు. నీటి బరువంతటినీ ఆ కమానులే మోసినవి. తరువాతికాలంలో దాని ప్రక్కనే డొక్కా సీతమ్మ పేర కొత్త అక్విడక్టు వచ్చినది.

కాబట్టి పైనుండి పడే మట్టిబరువును గుమ్మటం మోయగలదు. చిక్కు క్రిందినుండి వస్తుంది. వెలుపలి కొలతతో 100 ఘనపు మీటర్ల ఇల్లు పూర్తిగా నీటిమట్టానికి దిగువన ఉంటే, ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం దానిని 100 టన్నుల బరువుకు సమానమైన బలం పైకి నెట్టుతుంది. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2.4 టన్నులు తూగుతుంది. ఇంటిలో 30 ఘనపు మీటర్ల కాంక్రీటు ఉంటే దాని బరువు 72 టన్నులే. తక్కిన 28 టన్నుల నెట్టుడును పైమట్టి భారమో, లోతుగా నాటిన పునాదులో ఆపాలి. లేకున్న ఇల్లు పడవవలె తేలబోతుంది.

మరి అదే నేలలో ఒరల బావి ఎట్లా నిలుస్తున్నది? గుండ్రని ఒర చుట్టూ ఉన్న మట్టి ఒత్తిడిని నొక్కుడుగానే భరిస్తుంది. దాని అడుగు తెరచి ఉండటంవల్ల నీరు లోనికి వస్తుంది. పైకి నెట్టేందుకు అడుగుపలక లేదు. ధవళేశ్వరం ఆనకట్టకు ఇసుకలో పునాది వేసినప్పుడు బావులు దింపే ఈ దేశీయ పద్ధతినే వాడినారు. బావి నీటిని రానిస్తుంది, ఇల్లు రానివ్వకూడదు. భేదమంతా ఇక్కడే ఉన్నది.

విద్యార్థులు ఒక ఖాళీ చెంబును బకెట్టు నీటిలో నిలువుగా అదిమి చూడవచ్చును. చేతికి తగిలే ఆ నెట్టుడే, కోనసీమలో భూగర్భ గృహం కట్టే ఇంజనీరు మొట్టమొదట లెక్కించవలసినది.