మద్యం, మత్తు మాన్పించే చికిత్స: తిరుపతి, చిత్తూరు ప్రాంత చరిత్ర

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. ఈ స్థితిని వైద్యులు విత్‌డ్రాయల్ అంటారు. ఆ నాలుగైదు రోజుల గండం గట్టెక్కించడం, తర్వాత మళ్లీ తాగుడు జోలికి పోకుండా నిలబెట్టడం డీ అడిక్షన్ కేంద్రాల పని. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మందు మాన్పించే ప్రయత్నాలు చాలా పాతవి. దేవుడి ముందు ప్రమాణం, ప్రభుత్వ నిషేధం, ఆడవాళ్ల ఉద్యమం వచ్చాక గానీ ఆసుపత్రి మంచం రాలేదు. మనసు గట్టిగా ఉంటే చాలు, తాగుడు మానొచ్చన్న నమ్మకం ఇక్కడ ఇంకా బలంగా ఉండటానికి ఈ వరస కూడా ఒక కారణం.

చిత్తూరుకు దగ్గరలోని కాణిపాకం వరసిద్ధి వినాయకుడు ప్రమాణాల దేవుడు. కోనేట్లో స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు ప్రమాణం చేసినవాడు మాట తప్పడని ఈ ప్రాంతపు నమ్మిక. పొలం గట్టు తగాదా నుంచి రాజకీయ నాయకుల సవాళ్ల దాకా అన్నీ అక్కడికే చేరతాయి. ఇకమీదట మందు ముట్టనని ఒట్టు పెట్టుకోవడానికి వచ్చేవాళ్లూ ఉన్నారు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజుల పాటు సీసా వైపు చూడనివాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఈ ఆచారాలను చిన్నచూపు చూడటం తప్పు. చుట్టూ ఉన్నవాళ్ల గౌరవం, గురుస్వామి అదుపు, ఉదయం సాయంత్రం పూజ ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. అయితే పొద్దున లేవగానే ఒక పెగ్గు పడితే గానీ చెయ్యి నిలకడగా ఉండనివాడు మాల వేసుకునే ముందు డాక్టరును కలవాలి. అలాంటివాడికి ఒట్టు పెట్టుకున్న మూడో రోజే అసలు ప్రమాదం.

చట్టం కూడా ఈ జిల్లాను తొందరగానే పట్టుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా రాజాజీ 1937 అక్టోబర్ 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది, 1938లో, దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. ఉత్తర ఆర్కాటు వంతు 1939లో వచ్చింది. ఆబ్కారీ ఆదాయం పోయిన లోటు పూడ్చడానికి అదే ఏడాది అమ్మకపు పన్ను తెచ్చారు. అంటే దేశంలో మద్యనిషేధం మొట్టమొదట చవిచూసిన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. 1948 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది కూడా ఈ నిషేధం గొడవ మీదే.

ఈ చట్టాలకు కనిపించింది అంగడి, కుండ, నేరం. తాగుబోతు రోగి అన్న ఆలోచన అప్పటికి బలపడలేదు. అందుకు పాలకులను మాత్రమే తప్పు పట్టలేం. వైద్యశాస్త్రానికే ఆ సంగతి సరిగ్గా తెలియదు. వణుకుతో కూడిన సన్నిపాతానికి ఇంగ్లండు వైద్యుడు థామస్ సట్టన్ 1813లో డెలీరియం ట్రెమెన్స్ అని పేరు పెట్టాడు. అది మద్యం విషమా, మద్యం ఆగిపోవడం వల్ల పుట్టినదా అన్న వాదం మాత్రం నూరేళ్లకు పైగా సాగింది. అమెరికాలో హారిస్ ఇజ్‌బెల్ బృందం కొందరికి వారాల తరబడి మద్యం ఇచ్చి, ఆపి, ఏం జరుగుతుందో గమనించి 1955లో ఫలితాలు ప్రకటించింది. ఫిట్స్, మతిభ్రమణం మానేసినందువల్లే వస్తున్నాయని అప్పుడు గట్టిపడింది. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగాన్ని ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. 1960లో లిబ్రియం అన్న పేరుతో క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్ర మార్కెట్లోకి వచ్చాక ఆ బాధను అదుపు చేసే సాధనం దొరికింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల మొదలైంది కూడా 1960లోనే. దాని బోధనాసుపత్రి రుయా ఈ ప్రాంతపు పేదలకు పెద్దాసుపత్రి అయింది.

ఒంట్లో జరిగేది ఇది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు దాన్ని తట్టుకోవడానికి తన వేగం పెంచుకుని ఉంటుంది. మద్యం ఆగగానే ఆ పెరిగిన వేగం అణిచేదేదీ లేక బయటపడుతుంది. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటల్లో వణుకు మొదలవుతుంది. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. డెలీరియం ముదిరేది రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. నిన్నటి నుంచి ముట్టుకోలేదు సార్, పొద్దున్నే ఫిట్స్ వచ్చినాయి అంటూ ఇంటివాళ్లు రోగిని ఎత్తుకొచ్చేది అందుకే.

వార్డులో నర్సు ముందుగా రెండు చేతులూ చాపమంటుంది. వేళ్ల వణుకు చూస్తుంది, అరచేతి చెమట తడుముతుంది. ఈ రోజు ఏ వారం, మనం ఏ ఊళ్లో ఉన్నాం, గోడ మీద ఏమైనా పాకుతున్నట్టు కనిపిస్తోందా అని అడుగుతుంది. ఒక్కో లక్షణానికి మార్కులు వేస్తుంది. ఇందుకు వాడే సీవా అనే కొలబద్ద 1989లో ఇప్పటి రూపానికి వచ్చింది. మార్కులను బట్టి క్లోర్‌డయాజిపాక్సైడ్ లేదా డయాజిపామ్ మోతాదు నిర్ణయిస్తారు. లివర్ చెడినవాళ్లకు లోరాజిపామ్ ఇస్తారు. గ్లూకోజు కంటే ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షను పడాలి. ఏళ్లుగా తిండి మాని తాగినవాడి ఒంట్లో ఆ విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఎక్కించకుండా గ్లూకోజు పెడితే మెదడు దెబ్బతినే ముప్పుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లోనే గ్లూకోజు సీసా పెట్టించేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలామందికి మేలు.

సరిహద్దు జిల్లా కావడం చికిత్సకు కలిసొచ్చింది. చిత్తూరుకు పొరుగునే ఉన్న వేలూరు సి.ఎం.సి. 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం తెరిచి, రోగితో కుటుంబాన్నీ ఉండనిచ్చే పద్ధతి పెట్టింది. మద్రాసులో భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో తాగుడు మాన్పించే టి.టి.రంగనాథన్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. కుప్పం, పలమనేరు వైపు జనానికి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దగ్గర. అదే సరిహద్దు చేటూ చేసింది. కర్ణాటక మద్యం ప్యాకెట్లు పలమనేరు, కుప్పం దారుల్లో పట్టుబడుతూనే ఉంటాయి.

పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందుండగా 1992లో సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎన్టీఆర్ హయాంలో 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో ఎత్తేశారు. తెలుగు ఆడవాళ్లు సాధించిన ఇంత పెద్ద విజయం మరొకటి లేదు. అంగడి మూతపడిన రాత్రి మంచం మీద వణికే మగవాడి సంగతి మాత్రం ఆ చర్చలో వెనకబడింది.

సరఫరా ఆగితే ఏమవుతుందో తర్వాత రెండుసార్లు బయటపడింది. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాక, ఆ కల్లులో కలిపిన మత్తు రసాయనాలకు అలవాటుపడినవాళ్లు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తూ ఆసుపత్రుల్లో చేరారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. అదే ఏడాది వేసవి దాటాక ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

మాదకద్రవ్యాలకు బానిసలైనవాళ్ల చికిత్సకు చట్టపరమైన ఆధారం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం. అందులోని 71వ సెక్షన్ ప్రభుత్వాలు చికిత్సా కేంద్రాలు పెట్టవచ్చంటుంది. 64ఎ సెక్షన్ ప్రకారం, కొద్దిపాటి సరుకుతో దొరికిన బానిస తానే చికిత్సకు ఒప్పుకుంటే శిక్ష తప్పించుకోవచ్చు. గంజాయికి అలవాటుపడిన కుర్రాళ్ల తల్లిదండ్రులు పోలీసు భయంతో దాచిపెట్టేముందు ఇది తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు తెచ్చే మానసిక స్థితులను జబ్బుగా గుర్తించింది, రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. కొట్టి మాన్పిస్తామనే ప్రైవేటు కేంద్రాలు ఈ చట్టం ముందు నేరస్థులే. తెలియకుండా అన్నంలో కలిపే పొడులూ ప్రమాదమే. డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి చావు దాకా పోవచ్చు. అది రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు.

2019లో విడుదలైన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. హానికరంగా తాగేవారు పది శాతం దాటిన కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంట్లో ఎవరైనా మానతానంటే అదే రోజు రుయా మానసిక వైద్య విభాగానికో దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికో తీసుకెళ్లండి. వణుకు, ఫిట్స్ కనబడితే 108కి ఫోన్ చేయండి. మత్తు మానే సలహా కోసం 14446, మానసిక సాయానికి టెలీమానస్ 14416 నంబర్లున్నాయి, రెండూ ఉచితం.