ఫిల్ము దాచిన తప్పులు

పాత ఫిల్ము కెమెరా అమ్మేవాళ్లు ఎక్కడైనా చెప్పే మాట ఒకటే: "రీలు వేసి చూశాం, ఫొటోలు బాగానే వచ్చాయి." కొనేవాళ్లకు అంతకు మించిన హామీ అక్కర్లేదనిపిస్తుంది. ఫొటో తీయడానికే పుట్టిన యంత్రం ఫొటో తీసి చూపించాక ఇంకేం కావాలి? కానీ కెమెరాను పరీక్షించే పద్ధతులు ఎలా పుట్టాయో వెనక్కి వెళ్లి చూస్తే ఈ హామీ ఎంత పలచనిదో తెలుస్తుంది. కెమెరా చేసే తప్పులను కప్పిపెట్టేలా ఫిల్మును తీర్చిదిద్దడం అనేది ఫొటోగ్రఫీ చరిత్రలో చిన్న అధ్యాయం కాదు. బాగా వచ్చిన ఫొటో షట్టరు గురించి సరైన సాక్ష్యం చెప్పదని గ్రహించినవాళ్లే, ఫొటో అందంతో పనిలేని పరీక్షలను ఒక్కొక్కటిగా కనిపెట్టుకుంటూ వచ్చారు.

మొదట్లో ఈ ఇబ్బంది లేదు. 1839లో దగేర్ తన ఫొటో పద్ధతిని లోకానికి చూపించినప్పుడు ఒక్కో ఫొటోకు నిమిషాలు పట్టేది. లెన్సు మూత తీయడం, గడియారం చూసుకోవడం, మూత పెట్టడం, అంతే. షట్టరే లేనప్పుడు షట్టరు చెడిపోయే ప్రశ్న లేదు. చూడాల్సినవి రెండే. కెమెరా పెట్టెలో ఎక్కడైనా చిల్లు పడిందా అన్నది నల్లగుడ్డ కప్పుకుని లోపలినుంచి చూస్తే కనిపిస్తుంది. లెన్సు ఫోకస్ మాత్రం అంత తేలిక కాదు. ఆనాటి ప్లేట్లు నీలి వెలుగుకే స్పందించేవి, మన కంటికేమో పసుపుపచ్చ బాగా ఆనుతుంది. ఆ రెండు రంగులూ ఒకేచోట ఫోకస్ కాని లెన్సుల్లో కంటికి స్పష్టంగా ఉన్న ముఖం ప్లేటు మీద మసకబారేది. లండన్‌లో స్టూడియో నడిపిన ఆంత్వాన్ క్లోదే ఇందుకో సాధనం చేశాడు. అంకెలు వేసిన ముక్కలను ఒకదాని వెనక ఒకటి వేర్వేరు దూరాల్లో విసనకర్రలా అమర్చి ఫొటో తీస్తే, ఏ అంకె స్పష్టంగా వచ్చిందో దాన్నిబట్టి లెన్సు ఎంత తప్పుతోందో తెలిసిపోయేది. 1892 నాటికి లండన్ శివార్లలోని క్యూ అబ్జర్వేటరీలో ఫొటో లెన్సులను పరీక్షించే పద్ధతిని లెనర్డ్ డార్విన్, అంటే చార్లెస్ డార్విన్ కొడుకు, రాతపూర్వకంగా వివరించాడు. లెన్సు వరకు ప్లేటు నిజాయితీగల సాక్షే. ఫోకస్ తప్పితే తప్పినట్టే చూపించేది.

చిక్కు షట్టరుతో వచ్చింది. 1871లో రిచర్డ్ మాడాక్స్ ప్రతిపాదించిన జెలటిన్ డ్రై ప్లేట్లు ఆ దశాబ్దం చివరికి బాగా చురుకెక్కి, ఎక్స్‌పోజర్ సెకనులో చిన్న భాగానికి దిగిపోయింది. సికింద్రాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిచిన 1880లు సరిగ్గా ఈ మార్పు కాలమే. చేత్తో మూత తీసి పెట్టడానికి వీల్లేని వేగం అది. స్ప్రింగు, గాలి సిలిండరు, పిస్టన్ కలిసి ఆ పని చేయడం మొదలుపెట్టాయి. షట్టరు చుట్టూ 25, 50, 100 అని అంకెలు చెక్కారు. చెక్కడం సులువే. అది నిజంగా వందోవంతేనా? చలికీ వేడికీ గాలి సిలిండరు తీరు మారేది, దుమ్ము చేరినా మారేది. 1912లో మ్యూనిక్‌లోని డెకెల్ కంపెనీ గాలిని వదిలేసి, గడియారంలో ఉండే పళ్లచక్రాలతో నడిచే కాంపూర్ షట్టరు తెచ్చిందంటే ఈ అనుమానాలకూ అందులో వాటా ఉంది. అంకెలను సరిచూసేందుకు అప్పటివాళ్లు ఎంచుకున్న దారి చూడండి: సైకిలు చక్రానికి మెరిసే పూస కట్టి, సెకనుకు ఒక చుట్టు తిరిగేలా తిప్పుతూ ఫొటో తీయడం. ఇరవై ఐదోవంతు సెకనులో పూస గీసే చాపం వృత్తంలో ఇరవై ఐదోవంతు, అంటే 14.4 డిగ్రీలు ఉండాలి. ఫొటో తెల్లగా వచ్చినా నల్లగా వచ్చినా కోణం మారదు. ఆ తర్వాత వచ్చిన మంచి పరీక్షలన్నీ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి.

మరోవైపు కెమెరా తయారీదారులు, ముఖ్యంగా కొడాక్, సరిగ్గా ఇందుకు వ్యతిరేక దిశలో నడిచారు. 1900లో ఒక డాలరుకు అమ్మిన బ్రౌనీ డబ్బాకెమెరాకు మామూలుగా ఒకే వేగం. ఒక రేకు, ఒక స్ప్రింగు. ఆ వేగం కచ్చితంగా ఎంతో వాడేవాళ్లు కొలవాల్సిన అవసరం రాకుండా ఫిల్మునే మార్చారు. 1931లో వచ్చిన వెరిక్రోమ్ ఫిల్ము మీద చురుకుదనంలో తేడా ఉన్న రెండు ఎమల్షన్ పూతలు ఉండేవి. వెలుగు తక్కువైతే ఒకటి, ఎక్కువైతే మరొకటి ఆదుకునేది. మన ఇళ్లలో ఒకప్పుడు కనిపించిన అగ్ఫా క్లిక్ త్రీ కూడా ఈ ఉదారత మీద బతికిన కెమెరానే. నేటి కలర్ నెగటివ్ అయితే రెండు స్టాపులు, అంటే నాలుగింతలు ఎక్కువ వెలుగు పడినా చూడచక్కని ప్రింటు ఇస్తుంది. పాత షట్టర్లు జిడ్డుకట్టి నెమ్మదించడమే ఎక్కువ, అంటే ఎక్కువ వెలుగు వైపే తప్పుతాయి. ఫిల్ము క్షమించేదీ అటువైపే. "ఫొటోలు బాగానే వచ్చాయి" అన్న మాట షట్టరు గురించి ఏమీ చెప్పదనడానికి ఇంతకన్నా కారణం వెతకక్కర్లేదు.

1925లో లైకా కెమెరా వచ్చి ఈ కథను ఇంకో మలుపు తిప్పింది. దాని షట్టరు లెన్సులో కాదు, ఫిల్ము ముందు ఉంటుంది. రబ్బరు పూసిన గుడ్డతెరలు రెండు. మొదటిది కదిలాక, కొద్ది వ్యవధి ఇచ్చి రెండోది దాన్ని వెంబడిస్తుంది. ఆ రెంటి మధ్య సందే ఫిల్ము మీదుగా సాగిపోతుంది. ఇలాంటి షట్టర్లలో వెయ్యోవంతు సెకనుకు ఆ సందు దాదాపు 2 మిల్లీమీటర్లు. 36 మిల్లీమీటర్ల దారిలో రెండో తెర మొదటిదాన్ని ఒక్క మిల్లీమీటరు అదనంగా సమీపించినా, ఫొటోలో ఆ అంచున సగం వెలుగే పడుతుంది. పూర్తిగా అందుకుందంటే అక్కడినుంచి ఫ్రేము నల్లపట్టీయే. ఇది చూడటానికి రీలు అక్కర్లేదు. వెనక మూత తెరిచి, లెన్సు తీసేసి, తెల్లటి ఆకాశం వైపో వెలుతురున్న కిటికీ వైపో పట్టుకుని అత్యధిక వేగంలో నొక్కితే, తెరలు ఆరోగ్యంగా ఉన్న కెమెరాలో దీర్ఘచతురస్రం మొత్తం ఒకే మెరుపుగా కంటికి తగులుతుంది. జబ్బు చేసిన కెమెరాలో ఒక పక్క వెలగదు. గుడ్డతెరలో సూదిమొనంత చిల్లులున్నా చీకటిగదిలో లెన్సువైపు టార్చి వేస్తే చుక్కలుగా కనిపిస్తాయి. ఎండలో లెన్సు మూత లేకుండా వదిలేసిన లైకాలకు ఇలాంటి చిల్లులు మామూలే, లెన్సే భూతద్దమై గుడ్డను కాలుస్తుంది.

ఇంట్లో ఉన్న వస్తువులే కొలబద్దలుగా మారడం ఈ చరిత్రలో రుచిగల భాగం. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు సరిగ్గా 200 డిగ్రీలు. రికార్డు మీద తెల్లకాగితం పట్టీ పెట్టి ఫొటో తీస్తే పదోవంతు సెకనుకు 20 డిగ్రీలు మసకబారాలి. నెమ్మది వేగాలకు ఇది చాలు. వేగవంతమైనవాటికి టీవీ దొరికింది. మన దూరదర్శన్ వాడిన పాల్ పద్ధతిలో పిక్చర్‌ట్యూబు మీద సెకనుకు 15,625 గీతలు పడతాయి. నూట ఇరవై ఐదోవంతు సెకనులో లెక్కకు సరిగ్గా 125 గీతలు. ఫొటోలో గీతలు లెక్కపెట్టుకోవడమే. లెన్సులో షట్టరు ఉన్న కెమెరాలో వెలుగుపట్టీ అడ్డంగా వస్తుంది. అడ్డంగా నడిచే తెరలున్న కెమెరాలో ఏటవాలుగా వస్తుంది. ఆ ఏటవాలు పట్టీ ఒక చివర సన్నబడితే అక్కడ ఎక్స్‌పోజర్ తగ్గిందన్నమాట, అంచులు వంపు తిరిగితే తెర దారిలో వేగం మార్చుకుందన్నమాట. ప్రయోగశాలకు వెళ్లకుండా ఇంత సమాచారం ఇచ్చిన పరీక్ష అప్పట్లో మరొకటి లేదు. పిక్చర్‌ట్యూబు టీవీలు పాతసామాన్లవాళ్ల బండెక్కడంతో ఆ సౌకర్యమూ పోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు: ఫ్యాక్టరీలోనే పరీక్షించి పంపినవాటికి మళ్లీ ఇంత హడావుడి ఎందుకని. పరీక్షించి పంపిన మాట నిజమే. జపాన్ 1954లో కెమెరాల తనిఖీకి ఒక సంస్థనే పెట్టింది. ఆ రోజుల్లో ఎగుమతైన కెమెరాల మీద కనిపించే కోడిగుడ్డు ఆకారపు చిన్న బంగారురంగు స్టిక్కరు దాని ముద్రే. నాసిరకం అన్న పేరు పోగొట్టుకోవడానికి ఆ దేశం చూపిన పట్టుదలకు అది గుర్తు. సోవియట్ లెన్సులతో పాస్‌పోర్టు అనే కాగితం వచ్చేది, అందులో లెన్సు మిల్లీమీటరుకు ఎన్ని గీతలు విడదీసి చూపగలదో చేత్తో రాసి ముద్ర వేసేవారు. కానీ ఈ ముద్రలన్నీ కెమెరా పుట్టిననాటివి. ఆ తర్వాత గ్రీజు గట్టిపడింది, వెనక మూత గాడిలో అతికించిన నల్లటి ఫోమ్ జిగురుముద్దయింది, లెన్సు లోపల బూజు పట్టింది. స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉందంటే కెమెరా ఎక్కువ వాడలేదని అర్థం కావచ్చు. వాడకుండా బీరువాలో ఉంచిన షట్టరే ముందు బిగుసుకుంటుంది.

ఇంకాస్త బలమైన అభ్యంతరం ఇది: షట్టరు ముప్పై శాతం అటూఇటూ ఉంటే ఏమైంది, ఫిల్ము క్షమిస్తుందని మీరే అన్నారుగా? క్షమిస్తుంది. వందోవంతు బదులు డెబ్బయ్యోవంతు వచ్చే షట్టరును, తప్పు స్థిరంగా ఉన్నంతవరకు, వాడుకోవచ్చు. తప్పులు జతకట్టినప్పుడే ప్రమాదం. ఒలింపస్ ఓఎం-1, మినోల్టా ఎస్సార్టీ-101 లాంటి కెమెరాల మీటర్లు 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం చేసినవి. 1990ల్లో పాదరసం సెల్లులపై నిషేధాలు మొదలయ్యాక వాటి స్థానంలో 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేస్తున్నారు. ఎక్కువ వోల్టేజీకి ముల్లు ఎక్కువ కదిలి, ఉన్నదానికన్నా ఎక్కువ వెలుగు ఉందని చెబుతుంది. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ సర్క్యూటు ఈ తేడాను చాలావరకు తట్టుకుంటుంది, అన్నీ అలా తట్టుకోవు. మీటరు తక్కువ వెలుగు పడేలా తప్పుతోంది, నెమ్మదించిన షట్టరు ఎక్కువ వెలుగు పడేలా తప్పుతోంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి సరిచేసుకుంటే ఫొటో అద్భుతంగా వస్తుంది. అప్పుడు షట్టరు ఒక్కదాన్నే బాగుచేయిస్తే ఫొటోలు చెడిపోతాయి! అందుకే విడివిడిగా చూడాలంటారు: మీటరును తెలిసిన వెలుగుతో, షట్టరును గడియారంతో.

ఫోను ఉండగా ఇదంతా ఎందుకనే మాటకూ బదులుంది. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్‌లో ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ముప్పయ్యోవంతు సెకను ఎనిమిది ఫ్రేములు పరుచుకుంటుంది కాబట్టి బాగా తెలుస్తుంది. ఐదువందలోవంతు ఒక్క ఫ్రేములో సగం కూడా కాదు, అక్కడ ఫోను చెప్పేది ఊహే. వెలుగుకు స్పందించే ఫొటోట్రాన్సిస్టరును మైకు తీగకు కలిపి, సెకనుకు 44,100 సార్లు నమోదు చేసే సౌండ్‌కార్డుకు ఇస్తే వెయ్యోవంతు సెకనుకూ 44 కొలతలు దొరుకుతాయి. అలాంటివి ఫ్రేముకు రెండు చివర్లా రెండు పెడితే తెరల పరుగుపందెం బయటపడుతుంది. అన్నట్టు, పరీక్షే కెమెరాను పాడుచేయడమూ ఉంది. సోవియట్ జోర్కీ కెమెరా చేతికివ్వగానే వేగాల చక్రం గిరగిరా తిప్పి చూసేవాళ్లు ముందు షట్టరును ఎక్కుపెట్టాలి. ఎక్కుపెట్టకుండా తిప్పితే లోపలి పళ్లు విరగొచ్చు.

ఇంత చెప్పాక కూడా రీలు వేసి చూడాల్సిందే. ఫ్రేముల మధ్య ఎడం సమంగా ఉందా, ఫిల్ము మీద గీతలు పడుతున్నాయా, ఫోమ్ సందుల్లోంచి వెలుగు దూరుతోందా అన్నవి రీలు లేకుండా తేలవు. కాకపోతే పెళ్లిఫొటోలు తీసి చూడటం వేరు, పరీక్షగా తీయడం వేరు. ఒకే గోడ, మారని వెలుగు, వేగం ఒక మెట్టు పెంచినప్పుడల్లా అపర్చరు ఒక మెట్టు తెరవడం: షట్టరు సరిగ్గా ఉంటే ఫ్రేములన్నీ ఒకే నలుపుతో రావాలి. స్లైడు ఫిల్ము తప్పును తక్కువ సహిస్తుంది కాబట్టి ఈ పనికి మేలు, ఖరీదు మాత్రం భరించాలి. కలర్ నెగటివ్‌తో చేస్తే చూడాల్సింది నెగటివ్‌నే. 1979లో నోరిత్సు తెచ్చిన మినీల్యాబ్ నుంచి నేటి స్కానర్ల దాకా ప్రతి యంత్రమూ ఫ్రేము ఫ్రేముకూ నలుపు తెలుపులు తనే సర్దేసి, షట్టరు చేసిన తప్పును ప్రింటు చేరకుండా ఆపేస్తుంది. ఇప్పుడు కొన్ని ల్యాబులు స్కాన్లు పంపించి నెగటివ్ అడిగితేగాని ఇవ్వడం లేదు. రీలు కడగడానికి ఇచ్చేటప్పుడే, నెగటివ్ కత్తిరించకుండా వెనక్కి కావాలని చెప్పి ఇవ్వాలి.