కేసరిపప్పు కథ: ఒక నాడీరోగ చరిత్ర

ఢిల్లీనుండి జయపూరు పోవు రాజమార్గమున గురుగ్రామము దాటి కొంతదూరము పోయినచో, ఆరావళి కొండల పాదమున మానేసర్ అను ఊరు కనబడును. మోటారుకార్ల కర్మాగారములకు అది పేరుపడినది. ఆ ప్రక్కనే జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రము కలదను సంగతి మనలో పలువురెరుగరు. 2003 డిసెంబరులో రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాముగారు దానిని జాతికి అంకితము గావించిరి. ఆ సంస్థను తీర్చిదిద్ది, 2009 వరకు మొదటి డైరెక్టరుగా నడపిన డాక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్‌గారు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున విద్యనభ్యసించినవారు.

వారు చిరకాలము పరిశోధించిన సమస్యలలో నొకటి మధ్యభారత గ్రామములందు పేదల కాళ్ళను హరించిన వ్యాధి. దానికి మూలము ఒక పప్పుగింజ. ఆ వ్యాధి రహస్యము మానేసర్‌లో ఒక్కనాట బయటపడినది గాదు. సాగరు పల్లెలలో మొదలై, ఢిల్లీ, బెంగుళూరు, హైదరాబాదు పరిశోధనాలయములగుండ నూటయేబది యేండ్లకు పైగా సాగిన అన్వేషణ యది. ఆ చరిత్రను క్లుప్తముగా చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ గింజను హిందీలో ఖేసారి యందురు. తెలుగున లంకపప్పనియు, కేసరిపప్పనియు వాడుక. చూచుటకు కందిపప్పును పోలియుండును గనుకనే కొందరు వర్తకులు దీనిని కందిపప్పులోను, శనగపిండిలోను కలుపుట జరిగినది. ఇది మొండిపంట. వాన తప్పినను నిలుచును. పొలమున నీరు నిలిచినను చావదు. మాంసకృత్తులు సమృద్ధిగా గలది. కరువునాట తక్కిన పైరులెల్ల పోయినపుడు పేదవానికి మిగులు ఆహార మిదియే. ప్రాణము నిలుపు పంటయే మనిషిని అవిటివానిగా జేయుట ఇందలి విషాదము.

ఈ కీడును గూర్చి వ్రాసినవారిలో ఆంగ్లేయాధికారి విలియం స్లీమన్ ముఖ్యుడు. 1844లో ప్రకటితమైన తన గ్రంథమున ఆయన సాగరు మండల వృత్తాంతమును చెప్పెను. 1829లో వడగండ్లవాన గోధుమపైరును నాశము చేసెను. 1830లో పంట చాలలేదు. 1831లో తెగులు సోకెను. ఈ మూడేండ్లును గోధుమచేలలో కేసరి మాత్రము ఏపుగా పెరిగెను. జనులు దానినే తిని బ్రతికిరి. 1833 నాటికి ముప్పది యేండ్లకు లోబడినవారు పలువురు నడుము క్రింద స్వాధీనము తప్పి అవిటివారగుట మొదలయ్యెను.

1873లో నేపుల్సు నగరమున కాంటానీ అను ఇటలీ వైద్యుడు ఈ వ్యాధికి లాథిరిజమని పేరిడెను. కేసరిమొక్క శాస్త్రనామమైన లాథిరస్‌నుండి వచ్చిన పేరది. రోగికి కాళ్ళు బరువెక్కి, బిగుసుకొనిపోవును. మునివ్రేళ్ళమీద, మోకాళ్ళు రాచుకొనుచుండగా నడచును. చేతులు సాధారణముగా బాగుండును, బుద్ధి చెడదు. వ్యాధి ప్రాణము తీయదు. పోయిన నడకను తిరిగి ఈయదు. 1922లో ఆక్టన్ అను వైద్యుడు రీవా ప్రాంతపు రోగులను గూర్చి వ్రాయుచు, కఱ్ఱ లేక నడచువారు, ఒక కఱ్ఱతో నడచువారు, రెండు కఱ్ఱలతో నడచువారు, నేలపై ప్రాకువారు అని వారిని విభజించెను. ఆ సీమలో వ్యవసాయకూలీలకు కూలి తఱచు కేసరి రూపముననే ముట్టుచుండెను. ఈ పప్పును అప్పుడప్పుడు ఇతరధాన్యములతో కలిపి తిన్నవారికి సాధారణముగా కీడు కలుగలేదు. నెలల తరబడి అదియే ప్రధానాహారమైనవారు చెడిరి.

ఇది మన దేశమునకు మాత్రమే పరిమితమైన కథ గాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, ఉక్రెయిన్‌లోని వాప్నియార్కా నిర్బంధశిబిరమందు యూదుబందీలకు ఈ గింజనే ముఖ్యాహారముగా బెట్టిరి. వందలకొలది బందీలు వ్యాధిగ్రస్తులైరి. వారిలో నొకడైన వైద్యుడు ఆర్థర్ కెస్లర్ కారణమును గుర్తించెను. రీవా కూలివానికిని, ఆ బందీకిని గల పోలిక యొక్కటే: తినెడి అన్నమును ఎన్నుకొను స్వేచ్ఛ ఇరువురికిని లేదు.

గింజలో దాగిన విషమేదియో చిరకాలము తెలియలేదు. 1964లో రెండు భారతీయ పరిశోధనాలయములు వేర్వేరుగా దానిని పట్టుకొనినవి. ఒకటి మన ఢిల్లీ విశ్వవిద్యాలయము. అచ్చట రసాయనశాస్త్రాచార్యులైన టి.ఆర్. శేషాద్రిగారు మన తెలుగువారికి క్రొత్తవారు గారు. వాల్తేరునందు ఏండ్ల తరబడి రసాయనశాస్త్రము బోధించి, 1949లో ఢిల్లీకి వచ్చినవారు. వి.వి.ఎస్. మూర్తి, టి.ఎ. వెంకిటసుబ్రహ్మణ్యన్ గార్లతో గూడి వారు ఈ విషమును వేరుచేసిరి. రెండవది బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ. అచ్చట ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ గార్లు అదే పదార్థమును సాధించి, దానిని కోడిపిల్లలకు ఎక్కించినపుడు నాడీవికారములు పుట్టుటను చూపిరి. రావుగారు పిమ్మట హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఈ కృషిని కొనసాగించిరి. ఆ విషమొక అమైనో ఆమ్లము, నీటిలో కరగునది.

నీట కరగుననుటయే ఒక ఉపాయమునకు దారి చూపెను. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున మోహన్, నాగరాజన్, గోపాలన్ గార్లు 1966లో దానిని ప్రకటించిరి. పప్పును వేడినీట నానబెట్టి ఆ నీటిని పారబోసినచో విషములో అధికభాగము పోవును. అయితే వంటచెఱకే కొఱతయైన కరువింట ఈ సులభోపాయమును సులభము గాదు. నీటితోపాటు కొన్ని విటమినులును పోవును.

ఇక మెదడులో జరుగునదేమి? కాలు కదల్చుమను ఆజ్ఞ మెదడు పైపొరలో పుట్టి, పొడవైన నాడీతంతువుల వెంట వెన్నుపాములో నడుము మట్టమువఱకు దిగి, కండరములను కదల్చు నాడీకణములకు అందును. ఈ తంతిమార్గమునే కేసరివిషము చెఱచును. ఒక నాడీకణము మరియొకదానికి వార్త నందించు రసాయనములలో గ్లూటమేటు ముఖ్యమైనది. విషము దాని వేషము దాల్చి అదే తలుపు తట్టును. కణము మితిమీఱి ఉద్రేకించి నశించును. విజయలక్ష్మిగారు బెంగుళూరున నిమ్హాన్స్ సంస్థయందుండగా, సహచరులతో గూడి 1998లో మరియొక మెట్టెక్కిరి. కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలో ఒక ముఖ్యభాగము ఈ విషమువలన ముందుగా దెబ్బతినుననియు, ఆ దెబ్బ చలనమును పాలించు మెదడుభాగమునను, వెన్నుపాము నడుముభాగమునను తగులుననియు ఎలుకలయందు చూపిరి. కాళ్ళే ఏల పోవుననుటకు ఇదొక సమాధానము.

మానేసర్‌లో ఈ కృషి మఱింత సాగినది. ఈ వ్యాధి స్త్రీలకంటె పురుషులకు హెచ్చుగా వచ్చునని పల్లెలలో తిరిగిన వైద్యులు పూర్వమే గమనించియుండిరి. ఆడ ఎలుకల మెదడున గ్లూటరెడాక్సిను అను ప్రోటీను హెచ్చుగా నుండి రక్షణ నిచ్చుచున్నదనియు, దానిని తగ్గించినచో ఆ రక్షణ పోవుననియు మానేసర్ పరిశోధకులు కనుగొనిరి. పల్లెలో వైద్యుడు చూచిన వింతకు ప్రయోగశాల ఇట్లు కారణము చూపినది.

ప్రభుత్వము 1961లోనే కేసరిపప్పు అమ్మకమును నిషేధించెను. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవారు విషము తక్కువగల వంగడములకై శ్రమించి, 1997లో 'రతన్' అను రకమును వెలువరించిరి. నిషేధమే మేలని కొందరు, కరువున నిలుచు పంటను సంస్కరించుటయే మేలని కొందరు వాదించుచున్నారు. రెండింటను సత్యము కలదు. అయితే ఒక సంగతి మరువరాదు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. కూలి గింజలకు మారుగా నగదుగా చేతికందిన పల్లెలలో క్రొత్తరోగుల సంఖ్య తగ్గెను. విషమును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానిని పేదవాని కంచమున వడ్డించినది కూలిపద్ధతి. దానిని మార్చుట ప్రయోగశాలల పని గాదు. చట్టములు చేయువారి పని, వాటిని అమలు జరుపు మనబోటి ఉద్యోగుల పని. మానేసర్ మీదుగా పోవునపుడు ఒక్కసారి ఈ కథను తలచుకొందము.